ముడుచుకోని పందిరి

మృగశిర కార్తె, రెండోనాడు
మడతలు: మూడు

పొద్దున్నే పందిరికి నీళ్లు పెట్టాను. మా ఇంటికి రోజుకు రెండు బిందెల మంచినీళ్లు ఇస్తారు. అందులో ఒకటిన్నర పందిరే తాగేస్తుంది. మిగిలిన అర బిందెతో నేనూ మా తమ్ముడు సూరీ వండుకోవాలి, తాగాలి, స్నానం సంగతి మరిచిపోవాలి. సముద్రం ఊళ్లోకి వచ్చాక జీడిరేవులో అందరి బతుకూ ఇంతే కనుక కొత్తగా ఏడవడానికేమీ లేదు.

నీళ్లయ్యాక తుడవడం. ఉప్పుగాలికి ఆకుల మీద తెల్లటి పొర కడుతుంది. ఆకు ఆకునీ తడిగుడ్డతో తుడవాలి. మామూలు అత్తిపత్తి అయితే ముట్టుకోగానే ముడుచుకుంటుంది. ఇది ప్రయోగశాలలో పుట్టిన అత్తిపత్తి. ముట్టుకున్నా, ఊదినా, వాన కొట్టినా చలించదు. ఒక్క తెరిపి వాసన తగిలితేనే ముడుచుకుంటుంది. ఎగువదేశం నుంచి పంటు మీద ఏరు దాటి వచ్చిన ఎండతో నడిచే ప్రతి బండీ, ప్రతి మనిషీ ఈ పందిరి కింది నుంచే మా తీరదేశంలో అడుగుపెట్టాలి. ఆకులు ముడుచుకుంటే నేను గంట కొడతాను. గంట మోగితేనే అది చట్టం ప్రకారం మడత. మోగకపోతే ఏమీ జరగనట్టే.

తెరిపి అంటే నాలుక మీద వేసుకునే తెల్లటి పిండి. వేసుకుంటే బుర్రలో వాన వెలిసినట్టు ఉంటుందట. ఆ తర్వాత మనిషికి పని వద్దు, తిండి వద్దు, తోడు వద్దు. సూరి రెండేళ్లు దానికి అమ్ముడుపోయాడు. మునిగిన పాత ఫ్లైఓవర్ మీద పడి ఉంటే మోసుకొచ్చి, మంచానికి కట్టేసి, తిట్టి, ఏడ్చి, గంజి తాగించి మనిషిని చేసుకున్నాను. ఇప్పుడు ఇదే రేవులో బస్తాలు మోసే కలాసీ పని చేస్తున్నాడు. మళ్లీ అది వాడి చేతికి అందితే ఈసారి బతకడని వైద్యుడు ముఖం మీదే చెప్పాడు. అందుకే పందిరి మీద నాకు అంత శ్రద్ధ. ఇది మేలుకుని ఉన్నంతకాలం నా తమ్ముడు నాకుంటాడు.

ఇక అన్నిటికంటే పాడు పని మేలుకొలుపు. గేటు తెరిచే ముందు, రాజధాని నుంచి వచ్చే తెరిపి నమూనా చిటికెడు కొబ్బరి చిప్పలో నిప్పుల మీద వేసి పొగ పెట్టాలి. ఆకులు ముడుచుకోగానే తీగ తీగనీ గోటితో గిల్లాలి. వాసన వస్తే నొప్పి వస్తుందని దానికి రోజూ గుర్తు చేయడమన్నమాట. ఈ పని నాకు నేర్పింది దాలమ్మ పిన్ని. మా అమ్మ పోయాక నన్ను ఈ పందిరి కిందికి తెచ్చి కడుపులో పెట్టుకుని చూసింది. మొదటిరోజు నేను గిల్లలేక ఏడుస్తుంటే నా వేలు పట్టుకుని గిల్లించింది.

"గిల్లకపోతే దీనికి బుద్ధుండదే గుంటా. వాసనొచ్చినా ఏటీ అవలేదు గదా అనీసి ఊరుకుంటాది. రెండు నెల్లకి మొత్తం మరిసిపోద్ది" అంది.

పిన్ని ఇప్పుడు రాజధానిలో సరిహద్దు శాఖకు పెద్ద. ఇవాళ మధ్యాహ్నం తనే స్వయంగా వచ్చింది. వెంట నీలంరంగు ఎరువు బస్తాలు తెచ్చింది. ఈ ఎరువు వేర్లలో వేస్తే మొక్కకు జ్ఞాపకం దానంతటదే నిలుస్తుందట, ఇక గిల్లక్కర్లేదట.

"నీకు గిల్లడం ఇష్టం లేదని నాకు తెల్దేటి? నీకోసమే ముందు జీడిరేవుకి తెచ్చినాను" అంది.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఉన్న అర బిందెలోనే పిన్నికి అంబలి కాచి పోశాను.

ఆర్ద్ర కార్తె, ఆరోనాడు
మడతలు: ఒకటి

గిల్లడం మానాక పందిరి పచ్చగా నవనవలాడుతోంది. గాట్లు మానిపోయి తీగలు నున్నగా అయ్యాయి. పొద్దున పొగ పెడితే ఆకులు కొంచెం ఆలస్యంగా ముడుచుకుంటున్నాయి, వాన చెమ్మకు కాబోలు. నేనూ వానాకాలంలో అంతే, లేవబుద్ధి కాదు.

జీతాలు ఇంకా రాలేదు. ఎగువదేశం బియ్యం ఆపేసింది. వాళ్ల నాణెంతోనే కొనాలట, ఆ నాణెం మన ఖజానాలో లేదట. మన ఉప్పు ఎవరికీ అక్కర్లేదు. అప్పిచ్చే దేశాలేమో మడతల్లేని సరిహద్దు చూపిస్తేనే అప్పిస్తామని భీష్మించుకుని కూర్చున్నాయి. రేడియోలో పొద్దస్తమానం ఇదే గోల. ఏ రేవులో ఎన్ని మడతలో రాత్రి వార్తల్లో వాతావరణం తర్వాత చదువుతున్నారు.

సూరి రెండు పూటలా రాగి గంజే తాగుతున్నాడు. కిక్కురుమనడు. "ఉప్పు తక్కువైందప్పా" అని మాత్రం ఈ అక్కకు ఎప్పుడూ వంక పెడతాడు.

పుష్యమి కార్తె, మూడోనాడు
మడతలు: సున్నా

వరసగా ఇన్ని సున్నాలు నేనెప్పుడూ రాయలేదు. అన్ని రేవుల్లోనూ ఇంతేనట. "దేశంలో తెరిపి పీడ విరగడైంది" అని రేడియోలో చెప్పారు. అప్పుదేశాలు మొదటి విడత విడుదల చేశాయి. జీతాలు బకాయిలతో సహా వచ్చాయి. బియ్యం అంగడి ముందు వరస సగానికి తగ్గింది. రేవు నుంచి పెద్దరోడ్డు దాకా కాంక్రీటు పోస్తున్నారు.

ఎర్రముద్ర బండ్లు అని కొత్తవి మొదలయ్యాయి. రాజధాని ముద్ర వేసిన బండ్లు అవి, విప్పి చూడకూడదు. ఏం ఫర్వాలేదు, పందిరి కింది నుంచే పోతాయి కదా, మూతకూ ముద్రకూ వాసన ఆగదు. వాటిలో మందులని ఒకరు, విత్తనాలని ఒకరు అంటున్నారు. వాటి సరుకు దింపడానికి సూరిని మేస్త్రీని చేశారు. వాడు నాకు నీలం చీర కొనుక్కొచ్చాడు. రంగు నాకు నప్పదని వెక్కిరించాను గానీ రాత్రి రెండుసార్లు కట్టుకుని చూసుకున్నాను.

ఆశ్లేష కార్తె, ఎనిమిదోనాడు
మడతలు: సున్నా

పొద్దున మేలుకొలుపు పొగ పెట్టాను. కింది వరస ఆకులు కొంచెం వంగాయి, అంతే. పైవరస కదలనే లేదు. మళ్లీ పెట్టాను. కింది వరస కూడా ఊరుకుంది.

భయమేసి రాజధానికి తీగమాట కలిపాను. పిన్ని వెంటనే పలికింది.

"అడ్డదిడ్డంగా పెరిగిన ఆకు గదే, బరువుకి లేవదు. నువ్వు కంగారుపడకు. ఎరువు ఎయ్యి. మేలుకొలుపు పొగ మాత్రం మానకు, రోజూ పెట్టు" అంది.

పొగ మానవద్దని రెండుసార్లు చెప్పింది. మంచిదే, పని గుర్తుపెట్టుకునే మనిషి అనుకున్నాను.

మఖ కార్తె, ఐదోనాడు
మడతలు: సున్నా

ఇవాళ పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. నోట్లో పెట్టుకోగానే తెలిసింది. డబ్బా తీసుకుని వచ్చేసరికి సూరి సగం పళ్లెం తినేశాడు.

"ఒరే, ఉప్పు లేదురా" అన్నాను.

"బావుందప్పా" అని నవ్వాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

నా చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. తెరిపి తినేవాళ్లకు మొదట పోయేది ఉప్పు రుచి. ఉప్పు పండించే ఊళ్లో ఆ సంగతి చంటిపిల్లలకు కూడా తెలుసు. చెంప పగలగొట్టాను. వాడు చెంప పట్టుకుని కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఎక్కడిదిరా అంటే చెప్పలేదు. చివరికి, "బస్తాలు మోస్తంటే చేతులకంటుకుంటాదప్పా. నానేటి సేసేది" అన్నాడు.

వాడు మోసేవి ఎర్రముద్ర బస్తాలు. అవన్నీ నా పందిరి కింది నుంచి వచ్చినవి.

వాడి చొక్కా తీసుకుని వానలో పందిరి దగ్గరకు పరిగెత్తాను. ఆకులకు ఆనించాను, రుద్దాను. ఒక్క ఆకు కదలలేదు. పచ్చగా, నున్నగా, హాయిగా నన్ను చూస్తూ ఉన్నాయి. వెనక్కి తిరిగితే ఎరువు బస్తా ఒకటి చూరు నీళ్లకు తడిసి, నీలమంతా కారి కాలువలో పోతోంది. లోపల మిగిలింది బూడిద. వేళ్ల మధ్య నలిపి చూశాను. పుట్టినప్పటి నుంచి గిన్నెలు తోముతున్న చేతులివి, ఊక బూడిదని గుర్తుపట్టలేవా?

గిల్లు లేకుండా రోజూ పొగ. వాసనొస్తుంది, ఏమీ కాదు. వాసనొస్తుంది, ఏమీ కాదు. పందిరిని మత్తులోకి దింపింది ఎవరో కాదు, నేనే. గిల్లక్కర్లేదని మురిసిపోతూ, ముద్దు చేస్తూ, ఈ చేతులతోనే రోజూ కాస్త కాస్త నిద్రపుచ్చాను. అలా అవుతుందని నాకు నేర్పిన మనిషే నా చేత ఆ పని చేయించింది. నన్ను తల్లిలా సాకిన మనిషి నా మెత్తదనం ఎక్కడుందో చూసుకుని, సరిగ్గా అక్కడే గొంతు కోసింది.

పుబ్బ కార్తె, మూడోనాడు
మడతలు: సున్నా

రాజధానికి వెళ్లాను. పిన్ని గదిలో చల్లటి గాలి వస్తోంది. నన్ను చూసి లేచి ఎదురొచ్చింది. బూడిద పొట్లం బల్ల మీద పెట్టాను. దాచాలని కూడా చూడలేదు.

"కూకో. అరవకు, నా మాట ఇను" అంది. "అప్పుదేశాలు మడతలు సున్నా అవ్వాలన్నాయి. మడతలాగాలంటే సరుకాగాలి, లేపోతే పందిరాగాలి. సరుకాపితే ఏటవతలోళ్లు మన బేంకీలో ఎట్టిన సొమ్ము ఎల్లిపోద్ది. ఆ సొమ్ము ఉండబట్టే మన నాణెం నిలబడింది. ఆ నాణెం నిలబడబట్టే బియ్యమొచ్చింది. ఈ నెలన్నరా నువ్వు తిన్న అన్నం దాంది. నీ జీతం దాంది."

"సూరి తిన్నదో?" అన్నాను.

కిటికీ వైపు చూసింది.

"ఊరికి పదిమంది పోతారని లెక్కేసినాం. బియ్యం రాకపోతే నూరుమంది పోదురు. పెద్ద కుర్సీలో కూకుంటే ఇలాంటివే ఎంచుకోవాల. సూరి అందులో పడతాడని నానేటి కలగన్నానా?"

"కలాసీలే గదా పిన్నీ బస్తాలు మోసేది. ఇంకెవడు పడతాడు?"

పిన్ని సూరికి వేరే పని చూస్తానంది, వైద్యానికి డబ్బిస్తానంది. లేచి వచ్చేశాను. వచ్చేటప్పుడు, "అన్నం తినీసి ఎల్లవే" అని వెనక నుంచి పిలిచింది. ఆ పిలుపు ఎప్పటిలాగే ఉంది. దానికే ఎక్కువ ఏడుపొచ్చింది.

ఉత్తర కార్తె, పదోనాడు
మడతలు: సున్నా

పొగ పెడుతున్నాను. గిల్లుతున్నాను. కలాసీలు రాకముందే పని ముగించి, గాట్లు కనబడకుండా ఆకులు సర్దుతున్నాను. మొదట్లో గిల్లితే కూడా తెలియనట్టు పడి ఉండేది. తర్వాత కింది వరస వణికింది. ఇప్పుడు పొగ పెట్టగానే పందిరంతా ముడుచుకుంటోంది.

ఇంకొకటి కూడా జరుగుతోంది. పొగ పెట్టకముందే, తడిగుడ్డతో నేను దగ్గరికి వెళ్తేనే, నా వైపు ఆకులు ముడుచుకుంటున్నాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా చేయలేదు. చేయనీ. నన్ను చూసి భయపడినా ఫర్వాలేదు, మేలుకుంటే చాలు.

హస్త కార్తెలో అప్పుదేశాల వాళ్లు మా రేవు చూడటానికి వస్తున్నారు. అంతవరకు గంట ముట్టుకోను, గంట మోగకపోతే బండి మీద ఆకులు ముడుచుకున్నా ఎవరూ తలెత్తి చూడరు. ముందే కొడితే తెల్లారేసరికి పందిరిని నరికేసి, తెగులొచ్చిందంటారు. వాళ్ల కళ్లముందు ఎర్రముద్ర బండి మీద ఆకులు ముడుచుకోవాలి. అప్పుడు కొడతాను. సూరిని పనికి పోవద్దని గదిలో పెట్టి తాళం వేస్తే కిటికీ ఊచ పీకి పోయాడు. వాడు రోజురోజుకీ సన్నబడుతున్నాడు, నవ్వు మాత్రం పెరుగుతోంది.

హస్త కార్తె, తొమ్మిదోనాడు
మడతలు: ఒకటి

పిన్ని నిన్ననే దిగింది. పందిరి కింద చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరిగింది. ఒకచోట ఆగి తీగ మొదట్లో వేలు పెట్టి తడిమింది. గోటి గాట్లు తనకు తెలియక ఎవరికి తెలుస్తాయి? అరుస్తుందనుకున్నాను. అంబలి అడిగి తాగి, బాగుందని కూడా అంది.

ఇవాళ అప్పుదేశాల వాళ్లు ఆరుగురు వచ్చారు. గొడుగుల కింద నిలబడ్డారు. నేను గంట తాడు పట్టుకుని ఎర్రముద్ర బండి కోసం చూస్తున్నాను. బండి రాలేదు. వచ్చిన పంటు మీద బండ్లూ సరుకూ ఏమీ లేవు. కలాసీలు కొత్త బట్టల్లో వరసగా దిగారు, అతిథులకు దండలు పట్టుకుని. అందరికంటే ముందు సూరి ఉన్నాడు. వాడికి పట్టు కండువా కప్పారు.

పిన్ని నా పక్కకు వచ్చి నిలబడింది. "ఆణ్ని నానే ముందెట్టినాను" అంది, నాకు మాత్రమే వినబడేలా.

సూరి పందిరి కింద అడుగుపెట్టాడు. వాడి తల మీది ఆకులు ముడుచుకున్నాయి. వాడు నడుస్తున్న కొద్దీ వరస వెనక వరస, దుప్పటి మడతపెట్టినట్టు ముడుచుకుంటూ వచ్చాయి. ఆకుల మధ్య నుంచి ఎండ వాడి మీద పడింది. అతిథుల్లో ఒకామె పైకి చూపించి ఏదో అడిగింది.

"గాలికండీ. అత్తిపత్తి గదా" అని పిన్ని నవ్వుతూ చెప్పి, నా చేతిలో తాడు వైపు చూసింది.

కొట్టకపోతే అది గాలి. రేపటి నుంచి మళ్లీ ఎర్రముద్ర బండ్లు వస్తాయి, ఈ నవ్వు నవ్వుతూనే ఒకరోజు సూరి పోతాడు. కొడితే వాడికి మూడేళ్లు ఉప్పుమడుల జైలు. జైలయితే అయింది, అక్కడికి తెరిపి చేరదు. పైగా వీళ్లందరి సున్నాలూ ఈ ఆరుగురి కళ్లముందే బద్దలవుతాయి. అంతే ఆలోచించాను. సూరి నా వైపు చూశాడు. వద్దన్నాడో, కొట్టమన్నాడో ఇప్పటికీ తెలియదు.

కొట్టాను. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాను. సిపాయిలు వాడి కండువా తీసేసి చేతులు వెనక్కి విరిచారు. "అప్పా" అన్నాడు ఒక్కసారి.

చిత్త కార్తె, నాలుగోనాడు
మడతలు: సున్నా

రేడియోలో చెప్పారు. జీడిరేవు పందిరి అతిథుల కళ్లముందే ఒక మత్తుమనిషిని పట్టుకుంది. చేతికి అంటిన పాటి వాసనకే ముడుచుకున్న పందిరి బండెడు సరుకును వదులుతుందా? కాబట్టి ఇన్నాళ్ల సున్నాలన్నీ అక్షరాలా నిజం. సొంత తమ్ముడినైనా వదలని కాపలామనిషి ఉన్న దేశానికి అప్పివ్వడానికి సందేహమెందుకని ఆ గొడుగు కిందామె అందట. అప్పు రెట్టింపు చేశారు.

సాయంత్రం పిన్ని శాలువా పట్టుకుని వచ్చింది.

"నేను కొడతానని నీకు ముందే తెలుసు" అన్నాను.

"నువ్వు కొట్టకపోయినా నాకు బాదే లేదు. కొట్టినావు, ఇంకా మంచిదైంది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆడు అక్కడయితే బతుకుతాడే. నీకోసం కూడా ఆలోచించినాను" అంది.

శాలువా నా భుజాన వేయబోయింది. వెనక్కి జరిగాను. అది కింద బురదలో పడింది. పిన్ని వంగి తీసి, దులిపి, మడతపెట్టి అరుగు మీద ఉంచి వెళ్లింది.

ఎర్రముద్ర బండ్లకు కాంక్రీటు రోడ్డు మీదుగా వేరే దారి వేశారు. పందిరి కిందికి ఇప్పుడు కూరగాయల బండ్లు, చేపల తట్టలు మాత్రమే వస్తున్నాయి. నేను రోజూ గిల్లుతూనే ఉన్నాను. పందిరి పూర్తిగా మేలుకునే ఉంది, సరుకు మాత్రం పక్కరోడ్డున పోతోంది. అంగట్లో బియ్యం ధర ఇంకా తగ్గింది. ఊళ్లో అందరూ నన్ను గౌరవంగా పలకరిస్తున్నారు. వాళ్ల ఇళ్లలో ఎవరెవరు ఉప్పు లేని కూడు తింటున్నారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

స్వాతి కార్తె, మొదటి రోజు

ఇవాళ ఉప్పుమడులకు వెళ్లాను. కంచె ఇవతల నన్ను కూర్చోబెట్టారు. సూరి వచ్చాడు. మోకాళ్ల దాకా ఉప్పు కొట్టుకుని పాదాలు పగిలి ఉన్నాయి. నవ్వు లేదు. ముఖంలో నవ్వు లేకపోవడం చూసి ఇంత సంతోషించే రోజు వస్తుందనుకోలేదు.

రాగి గంజి తీసుకెళ్లాను. గిన్నె కంచె కింది నుంచి జరిపాను. ఒక గుటక తాగి ఆగాడు. తలెత్తలేదు.

"ఉప్పెక్కువైందప్పా" అన్నాడు.

వాడు గిన్నె ఖాళీ చేసేదాకా చూస్తూ కూర్చున్నాను. తాగి గిన్నె జరిపినప్పుడు వాడి చెయ్యి కంచెకు దగ్గరగా వచ్చింది. పట్టుకుందామని వేళ్లు లోపలికి చాపాను. వాడు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, పిడికిలి బిగించి ఒళ్లో పెట్టుకున్నాడు. కోపంతో తీసుకున్నట్టు లేదు. దానంతట అది పోయినట్టు పోయింది. రోజూ పొద్దున తడిగుడ్డతో నేను దగ్గరికి వెళ్లినప్పుడు ఆకులు అలాగే చేస్తాయి.

పందిరి కింద ఇవాళ ఏమీ జరగలేదు. అయినా ఈ గడి ఖాళీగా వదలబుద్ధి కాలేదు.

మడతలు: ఒకటి.